సిండర్ వీధి ఎనిమిదో నంబరింటి ఓనరెవరు?

“ఇంగ్లండు దేశంలో బుర్రలు రెండే రకాలు, జెనిస్ తల్లీ,” అన్నాడు సిరిల్ మర్గట్రాయిడ్. ఆమె వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుని, ఎవరూ పెట్టకుండానే బిస్కెట్ల డబ్బా మూత తీశాడు. “నాదొకటి. మిగతా జనాభాదంతా కలిపి ఇంకొకటి. ఇక నీ కేసు చెప్పు.”

“కేసేం లేదండీ. అమ్మ కోసం ఒక సంతకం కావాలి,” అంది జెనిస్ గ్రీన్‌వుడ్.

సిరిల్ కళ్ళు సగం మూశాడు. “సంతకం! రక్తంతోనా?”

“బాల్‌పెన్నుతో.”

“అంటే మరీ ప్రమాదకరం,” అన్నాడు సిరిల్, రెండో బిస్కెట్టు అందుకుంటూ.

సిరిల్ పక్కింటాయనే. ముప్ఫై ఒక్క ఏళ్ళు కీత్లీ ఊరి బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసి, రిటైరైన మర్నాడే కార్డులు అచ్చు వేయించుకున్నాడు. ‘సి. మర్గట్రాయిడ్, రహస్య పరిశోధకుడు. మంగళవారం మధ్యాహ్నాలు సెలవు.’ మనిషి మొహం చూస్తే చాలు, జేబులో టిక్కెట్టుందో లేదో చెప్పేసేవాణ్ణనేవాడు. నిజమే, చెప్పేసేవాడు. సగం సార్లు తప్పు చెప్పేవాడు, అంతే. డిటెక్టివు అయ్యాక ఎనిమిదేళ్ళలో తేల్చిన కేసు ఒక్కటే. ఎదురింటి తోటలో మాయమైన మట్టిబొమ్మను వారంరోజులు వెతికి, చివరికి తన సొంత షెడ్డులోనే పట్టుకున్నాడు. అది అక్కడికెలా వచ్చిందన్న రెండో కేసు ఇంకా నడుస్తోంది.

జెనిస్‌కు మాత్రం నవ్వే ఓపిక లేదు. ఆమెది బడి వంటశాలలో ఉద్యోగం, యాభై మూడేళ్ళ వయసు, ఇంట్లో ఉండేది తనూ తల్లీ. తల్లి కోసం ఈ వారం పనికి సెలవు పెట్టింది. తల్లి ఎడ్నాకు ఎనభై నాలుగు. నెల కిందట తుంటి విరిగి ఆస్పత్రిలో చేరింది. ఈ శుక్రవారం ఇంటికి పంపుతామన్నారు. ఇంటికి పంపడమంటే, మెట్లకు ఒక పక్కనే ఉన్న చేతికడ్డీ రెండో పక్కన కూడా ఉండాలి, పై అంతస్తులో మరుగుదొడ్డి పక్కన పట్టుకునే పిడి ఒకటి ఉండాలి. కౌన్సిలు వాళ్ళు వాటిని ఊరికే బిగిస్తారు. కాకపోతే గోడకు చిల్లులు పడతాయి గనక ఇంటి ఓనరు సంతకం కావాలి. బుధవారం సాయంత్రం ఐదింటికల్లా అది చేతికొస్తే గురువారం మనిషిని పంపుతామన్నారు. రాకపోతే ఎడ్నాను నలభై మైళ్ళ అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక ముసలివాళ్ళ హోముకి తోలేస్తారు.

“అక్కడికి పంపావంటే మళ్ళీ రానే,” అంది ఎడ్నా నిన్న ఆస్పత్రి మంచం మీదినుంచి. “నా మంచం, నా కుక్క, నా మరుగుదొడ్డి. ఈ మూడూ ఒకే కప్పుకింద ఉంటేనే నేను బతికేది. పైగా అక్కడ టీలో పాలు ముందు పోస్తారట!”

వేళాకోళంగానే అంది గానీ, ఆమె చెయ్యి జెనిస్ చేతిని వదల్లేదు. వార్డులోంచి అందరూ వెళ్ళిపోయేదాకా వదల్లేదు.

“ఇంతకీ ఓనరెవరు?” అన్నాడు సిరిల్.

“అదేగా నా ఏడుపు. ఏడేళ్ళనుంచి అద్దెకుంటున్నాం, ఓనరు పేరు తెలీదు. అంతా ఆ గ్రిబుల్ అండ్ పూల్ ఏజెంట్ల చేతుల్లోనే. వాళ్ళ ఆఫీసులో ట్రిస్టన్ అని ఒక కుర్రాడు కూర్చుంటాడు, తలకు అరకేజీ జిడ్డు రాసుకుని. అడిగితే ఓనరుగారి వివరాలు గోప్యమండీ అన్నాడు. పేరైనా చెప్పు బాబూ అంటే, పేరే కదండీ వివరాలన్నిట్లో మొదటిది అన్నాడు.”

“రాసిచ్చి అడగలేకపోయావా?”

“ఇచ్చానండీ, పోయిన గురువారం. కాగితం రాసిచ్చి అడిగితే ఇరవై ఒక్క రోజుల్లో ఓనరు పేరూ చిరునామా చెప్పి తీరాలట, చెప్పకపోతే నేరమట. లైబ్రరీలో సలహాలు చెప్పే ఆవిడ చెప్పింది. ఇవాళ పొద్దున్న వెళ్ళి అడిగితే, అందిందండీ, ఇంకా పదిహేడు రోజులుంది కదా అని నవ్వాడు. సంతకం కాగితం ఓనరుకు పంపావా అంటే, వరసలో ఉందండీ అన్నాడు.”

‘నేరం’ అన్న మాట చెవిన పడగానే సిరిల్ లేచి నిలబడ్డాడు. బిస్కెట్టు పొడి మీసం మీదినుంచి రాలింది.

“ఓనరు మాయం! ఏజెంటు మౌనం! తల్లీ, ఇది సంతకం గొడవ కాదు. హత్య.”

“ఎవరి హత్య?”

“అదే తేలాలి. ముందు హంతకుణ్ణి పట్టుకుంటే, హతుడెవరో వాడే చెబుతాడు. నేటినుంచి ఆ అజ్ఞాత వ్యక్తికి నేను పెట్టే రహస్యనామం గబ్బిలం. నువ్వు బయట ఎక్కడా నోరు విప్పకూడదు. ఏ వీధో, ఏ ఇల్లో, ఎవరి తల్లో, ఏమీ చెప్పకూడదు. పార్కులో చెట్లకు కూడా చెవులుంటాయి.”

జెనిస్‌కు ఇంకెవరూ లేరు. సరేనంది.

*

పార్కులో చెట్లకు చెవులున్నాయో లేదో గానీ డచెస్‌కు మాత్రం ఉన్నాయి. నేలను ఊడ్చుకుంటూ నడిచేంత పొడుగు చెవులు. డచెస్ ఒక పొట్టికాళ్ళ వేటకుక్క. దాని వెనక ఒక పొడుగాటి పెద్దమనిషి రోజూ పొద్దున్న ఎనిమిదింటికి కొండమీది గేటులోంచి వచ్చేవాడు. జెనిస్ తన తల్లి కుక్క పుడ్డింగ్‌ను పట్టుకుని, సిరిల్ తన కుక్క సార్జెంట్‌ను పట్టుకుని, కింది గేటులోంచి వెళ్ళేవారు. ముగ్గురూ చెరువు చుట్టూ రెండు చుట్లు తిరిగేవారు. ఏడేళ్ళుగా ఇదే వరస.

కుక్కలవాళ్ళకు ఈ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. మొదటిరోజు కుక్క పేరు అడుగుతారు. మనిషి పేరు అడగడం చొరవ చేసినట్టని ఊరుకుంటారు. రెండోవారం అడుగుదామనుకుంటారు, వాన గురించి మాట్లాడి వెళ్ళిపోతారు. ఏడాది గడిచాక ఇక అడిగితే ఏం బాగుంటుంది? ఇన్నాళ్ళూ నీ పేరైనా తెలీదని మొహమ్మీద చెప్పినట్టుంటుంది. అందుకని ఆయన డచెస్ వాళ్ళ నాన్న, ఈమె పుడ్డింగ్ వాళ్ళమ్మ. డచెస్ అజీర్తి గురించి, దాని ఎడమకంటి చుక్కలమందు గురించి జెనిస్‌కు సమస్తం తెలుసు. ఆ మనిషి ఏ వీధిలో ఉంటాడో తెలీదు.

“పుడ్డింగ్ వాళ్ళమ్మా, మొహం అలా వాడిపోయిందేం?” అన్నాడాయన మంగళవారం పొద్దున్న.

“ఏం లేదండీ. కొంచెం... వాతావరణం,” అంది జెనిస్. పేరు తెలియని మనిషికి కన్నతల్లి తుంటి సంగతి ఎలా చెబుతాం?

సిరిల్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. ఆయన తగ్గించిన గొంతు చెరువు అవతల బాతులకు వినపడింది.

“ఒక అసామాన్యమైన కేసులో ఉన్నాను సార్. పేర్లు చెప్పను. ఒక అభాగ్యురాలు. ఒక కర్కోటకుడైన ఇంటి ఓనరు. వాడు అద్దె తింటాడు, జాడ చెప్పడు. వాడి సంతకం లేక ఒక వృద్ధురాలు దిక్కులేనిదైపోతోంది. వాడి రహస్యనామం గబ్బిలం.”

“అయ్యో,” అన్నాడు డచెస్ వాళ్ళ నాన్న నిజంగా బాధపడుతూ. “అలాంటివాణ్ణి తలకిందులుగా వేలాడదీయాలండీ. వాడి మూలాన ఇళ్ళు అద్దెకిచ్చే వాళ్ళందరికీ చెడ్డపేరు.”

“వేలాడదీస్తాను!” అన్నాడు సిరిల్. “ఇవాళే ఏజెంటు గుహలోకి మారువేషంలో వెళుతున్నాను.”

“మంగళవారం మధ్యాహ్నం సెలవు కదండీ మీకు?” అంది జెనిస్.

“న్యాయానికి సెలవు లేదు తల్లీ. బౌలింగు ఆటకు వెళ్ళేలోపు ముగించేస్తాను.”

*

మారువేషమంటే అద్దాలు తుడిచేవాడి వేషం. బకెట్టు, చీపురు కర్ర, తలకు టోపీ. గ్రిబుల్ అండ్ పూల్ కిటికీ బయట నిలబడి, లోపల బల్లమీది కాగితాలు చదవాలని పథకం. చదవాలంటే అద్దం శుభ్రంగా ఉండాలి కదా. తుడిచాడు. పక్క అద్దం మురిగ్గా ఉంటే అనుమానం వస్తుందని అదీ తుడిచాడు. తలుపూ తుడిచాడు. ట్రిస్టన్ బయటికొచ్చి, “పై అంతస్తువి కూడా కానిచ్చెయ్యి తాతా,” అని టీ ఇచ్చి వెళ్ళాడు. మూడింటికి సిరిల్ జెనిస్ వంటింట్లో కూలబడ్డాడు, ముణుకులు పట్టుకుని.

“ఏం తెలిసిందండీ?”

“వాళ్ళ వెనకవైపు కిటికీకి ఒక బీట ఉంది.”

“అంతేనా?”

“వచ్చే మంగళవారం కూడా రమ్మన్నారు.”

జెనిస్ తల పట్టుకుంది. ఆ సాయంత్రం తనకు తోచిన పని తానే చేసింది. ఇళ్ళూ పొలాలూ ఎవరివో రాసిపెట్టే సర్కారు రిజిస్టరుంది కదా, దానికి ఫోన్లోనే చిన్న రుసుము కట్టి తమ ఇంటి నంబరు కొట్టింది. పేరు బయటికొచ్చింది. జెఫ్రీ ఆలన్ పిక్లిస్.

“పికిల్స్! అంటే పచ్చళ్ళు!” అన్నాడు సిరిల్. “పచ్చళ్ళ కార్ఖానా యజమాని అయ్యుంటాడు. ఉల్లిపాయల వాసన పట్టుకుని...”

“ఈ లోయలో సగంమంది ఇంటిపేరు పిక్లిస్సేనండీ. ఇప్పటికే పదకొండుమందికి ఫోన్ చేశాను. ఒకాయన తన కాలివాపు గురించి అరగంట చెప్పాడు. ఎవరికీ ఇక్కడ ఇల్లు లేదు.”

“చిరునామా ఇవ్వలేదూ రిజిస్టరులో?”

“ఇచ్చారు. ఎనిమిది, సిండర్ వీధి.”

“అది నీ ఇల్లేగా!”

“అవును. రిజిస్టరులో ఎప్పటిదో పాత చిరునామా ఉండిపోయినట్టుంది.”

సిరిల్ మెల్లగా లేచాడు. మొహం ఎర్రబడింది. వేలు నోటిమీద పెట్టుకున్నాడు. “రిజిస్టరు అబద్ధం చెప్పదు. గబ్బిలం ఈ ఇంట్లోనే ఉంది.”

“ఈ ఇంట్లో నేనుంటున్నానండీ.”

“వాడు నీకెప్పుడైనా కనపడ్డాడా?”

“లేదు.”

“చూశావా, ఎంత తెలివైనవాడో! పైన అటకమీద చప్పుళ్ళు వినిపిస్తాయా?”

“నీళ్ళ తొట్టి నిండేటప్పుడు.”

“ఇంట్లో తినుబండారాలు తగ్గిపోతున్నాయా?”

జెనిస్ ఆయన చేతిలోని డబ్బా వంక చూసింది. “నిన్నటినుంచి బిస్కెట్లు బాగా తగ్గాయి.”

“అదీ!” అన్నాడు సిరిల్, అందులోంచి ఆఖరిది తీసుకుంటూ.

*

బుధవారం తెల్లవారింది. వానపట్టి ఉంది. పదిన్నరయ్యేసరికి పిక్లిస్‌లు ఇంకో తొమ్మిదిమంది అయిపోయారు. ట్రిస్టన్ ఫోను ఎత్తడం మానేశాడు. ఆస్పత్రినుంచి ఒక నర్సమ్మ మాట్లాడింది. చాలా మర్యాదగానే మాట్లాడింది. హోములో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క గది ఇంకెవరికో పోయేలోపు, అవునో కాదో పన్నెండులోగా చెప్పమంది.

జెనిస్ మేడమీద తల్లి గదిలో, తల్లి మంచం అంచున కూర్చుంది. పుడ్డింగ్ మంచం కింద దూరి ఆమె చెప్పుమీద గడ్డం ఆనించింది. దిండు గలీబుకి అమ్మ వాడే లావెండరు వాసన ఇంకా ఉంది. ఇరవై ఫోన్లు, ఒక ఉత్తరం, పరిశోధకుడు ఒకడు. ఏదీ పనికి రాలేదు. రెండు కర్రముక్కలకూ ఎనిమిది మేకులకూ తల్లిని సముద్రం పాలు చేస్తున్నట్టయింది. కన్నీళ్ళు తుడుచుకుని ఆస్పత్రి నంబరు నొక్కబోయింది.

అప్పుడు కప్పు విరిగిపడింది.

కప్పంతా కాదు, ఒక కాలు పట్టేంత. ధడేలుమని శబ్దం, మంచంనిండా తెల్లటి సున్నం పెచ్చులు, పుడ్డింగ్ అరుపు. జెనిస్ గోడకు అతుక్కుపోయి పైకి చూసింది. కప్పులోంచి తొడదాకా ఒక కాలు వేలాడుతోంది. గోధుమరంగు మేజోడు, గళ్ళ చెప్పు. చెప్పు ఒక క్షణం ఊగి, దిండుమీద పడింది.

“దొరికాడు!” అని కప్పు లోపలినుంచి సిరిల్ గొంతు. “తల్లీ, గబ్బిలం దొరికాడు! నా కాలు పట్టుకున్నాడు! వదలడం లేదు!”

“మీ కాలిని ఎవరూ పట్టుకోలేదండీ! కప్పు పట్టుకుంది! అక్కడికెలా వెళ్ళారు?”

సిండర్ వీధి ఇళ్ళు వరసగా కలిపి కట్టినవి. పాతకాలం మేస్త్రీలు అటకలమధ్య గోడలు పెట్టలేదు. ఒక కొసన ఎక్కితే ఇంకో కొసదాకా పాక్కుంటూ పోవచ్చు. సిరిల్ తన అటకెక్కి, టార్చి నోట కరుచుకుని, గబ్బిలాన్ని నిద్రలో పట్టుకుందామని వచ్చాడు. వాసాలమీదే మోకాళ్ళు పెట్టాలని, మధ్యలో ఉండేది పలచటి ప్లాస్టరేనని ఈ దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. టార్చి నోట్లో ఉన్నవాడికి ఏం కనపడుతుంది?

“ఫైరింజను పిలవనా?”

“వద్దు తల్లీ! వృత్తిలో తలెత్తుకోలేను!”

“తల పైనే ఉంది కదండీ, కిందికొచ్చింది కాలే!”

లాగి చూసింది. కాలు రాలేదు, అరుపు వచ్చింది. కోటు భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తింది. వానకి వీధిలో మనిషన్నవాడు లేడు. పార్కు కింది గేటు దగ్గర గొడుగు కింద డచెస్, దాని పక్కన వాళ్ళ నాన్న, పొద్దున్న ఎనిమిదింటికి రాని పుడ్డింగ్ కోసం మళ్ళీ వచ్చినట్టు నిలబడి ఉన్నారు.

“మీకు నిచ్చెన ఎక్కడం చేతనవునా?” అంది జెనిస్ రొప్పుతూ. “మా అమ్మ గదిలో సార్జెంట్ వాళ్ళ నాన్న వేలాడుతున్నాడు!”

ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నలభై ఏళ్ళు ప్లాస్టరు మేస్త్రీగా బతికిన మనిషి. కొండదారి దిగి ఆమె వెనకే నడిచాడు. ఎనిమిదో నంబరు తలుపు ముందు మాత్రం ఆగిపోయాడు. గడపవంక చూశాడు, తలుపుకున్న ఇత్తడి గొళ్ళెంవంక చూశాడు.

“మీరుండేది ఇక్కడా?” అన్నాడు.

“ఏడేళ్ళనుంచి. రండి, పైకి రండి.”

మెట్లకున్న ఒకే ఒక్క చేతికడ్డీని పట్టుకుని మెల్లగా ఎక్కాడు. గదిలోకొచ్చి, వేలాడే కాలువంక చాలాసేపు చూశాడు.

“ఇది మా హిల్డా పెద్దమ్మ పడకగది,” అన్నాడు. “ఆవిడ పోతూ నాకు రాసిచ్చింది. ఈ కప్పుకి ప్లాస్టరు చేసింది కూడా నేనే.”

జెనిస్ ఏడేళ్ళుగా అడగని ప్రశ్న, మర్యాద కాదని మింగుతూ వచ్చిన ప్రశ్న, ఇప్పుడు అడిగింది.

“మీ పేరేంటండీ?”

“జెఫ్రీ. జెఫ్రీ పిక్లిస్.”

కప్పులోంచి వేలాడుతున్న కాలు అప్పటిదాకా కొట్టుకుంటున్నది ఒక్కసారిగా బిగుసుకుపోయింది.

“మరి మీరు...” అన్నాడాయన. “నిన్న చెరువు దగ్గర చెప్పిన అభాగ్యురాలు...”

“నేనే.”

“అంటే గబ్బిలం...”

జెనిస్ తలూపింది. జెఫ్రీ పిక్లిస్ మంచం అంచున, సున్నం పెచ్చులమీదే కూర్చుండిపోయాడు.

“మీకే ఇబ్బందీ లేదని ఏజెంటు ప్రతి ఏడూ చెప్పేవాడమ్మా. అద్దెకున్నవాళ్ళు ఓనర్లు వచ్చిపోతుంటే ఇష్టపడరు, దూరంగా ఉండమనేవాడు. సంతకం సంగతి నాకు చేరనే లేదు.”

“ఏజెంటు సరే. మీకు మాత్రం ఎప్పుడూ అనిపించలేదా, మీ పెద్దమ్మ ఇంట్లో ఎవరుంటున్నారో చూద్దామని? ఒక చీటీమీద పేరూ ఫోన్ నంబరూ రాసి తలుపుకింద తోస్తే సరిపోయేది కదా. పుడ్డింగ్‌కి ఏ చెవి నొప్పో మీకు తెలుసు. నాకు మీ పేరు తెలీదు.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “కాగితం ఎక్కడుంది?” అన్నాడు చివరికి.

కాగితం తెచ్చింది, ట్రిస్టన్ చెప్పిన గడువు సంగతీ చెప్పింది. ఆయన మోకాలిమీద పెట్టుకుని సంతకం చేశాడు. దానికింద ఎవరూ అడక్కుండానే పేరు పెద్ద అక్షరాలతో రాశాడు. వీధి రాశాడు, ఇంటి నంబరు రాశాడు, ఇంట్లో ఫోను, చేతిలో ఫోను రెండూ రాశాడు. రాసింది చాలదన్నట్టు పైకి చదివి వినిపించాడు కూడా. ఆపైన తన ఫోను తీసి గ్రిబుల్ అండ్ పూల్‌కు కొట్టాడు. ఓనరు నంబరు కనపడింది కాబోలు, ట్రిస్టన్ వెంటనే ఎత్తాడు.

“బాబూ, నేను పిక్లిస్‌ను. ఎనిమిదో నంబరు ఇంటావిడకి నా పేరు చెప్పడానికి నీకింకా పదిహేను రోజులుందట కదా. ఆ శ్రమ నీకెందుకు? ఆవిడ నా ఎదురుగానే ఉంది. రేపట్నించి ఇంటి సంగతులన్నీ ఆవిడా నేనూ మాట్లాడుకుంటాం. నా తాళంచెవులు సిద్ధం చేసిపెట్టు.”

“అయ్యా,” అని కప్పులోంచి సన్నటి గొంతు వినపడింది. “నేను అంతా ముందే పసిగట్టాను. ఓనరు తన ఇల్లు తానే వెతుక్కుంటూ రావాలంటే, దానికొక పిలుపు ఉండాలి. ఆ పిలుపే నా కాలు.”

“మరి మొన్న హత్య అన్నారుగా?” అంది జెనిస్.

“అది... నిన్ను కంగారుపెట్టకూడదని.”

పన్నెండుకు పది నిమిషాలుండగా జెనిస్ ఆస్పత్రికి ఫోన్ చేసి, ఆ గది ఇంకెవరికైనా ఇచ్చుకోండని చెప్పింది. సిరిల్‌ను దింపేసరికి ఒంటిగంటైంది. జెఫ్రీ అటకెక్కి, కప్పు చుట్టూ జాగ్రత్తగా కోసి, చంకల కింద చేతులేసి లాగాడు. వచ్చింది సిరిల్ ఒక్కడే, ప్యాంటు రాలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆస్పత్రి కారు సిండర్ వీధిలో ఆగింది. ఎడ్నా దిగింది. కుడిచేత్తో పాత కడ్డీ, ఎడమచేత్తో కొత్త కడ్డీ పట్టుకుని పన్నెండు మెట్లూ తనే ఎక్కింది. నాలుగో మెట్టుదగ్గర, ఎనిమిదో మెట్టుదగ్గర ఆగింది. వెనక నిలబడ్డ జెనిస్‌ను చెయ్యి వేయనివ్వలేదు. మంచమెక్కి, పుడ్డింగ్‌ను పొట్టమీదికి లాక్కుని, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి వెల్లకిలా పడుకుంది. కాసేపటికి కళ్ళు చికిలించింది.

“జెనిస్, నా మంచానికి సరిగ్గా పైన ఆ అతుకేంటే? పచ్చిగా ఉంది.”

“అదామ్మా?” అంది జెనిస్, పక్క సర్దుతూ. “మనింటి ఓనరు దొరికింది అక్కడే.”